లెగి నుంచి క్లివోన్ దాకా: జావా వరిచేల మధ్య

ఏప్రిల్ 19, శుక్రవారం, లెగి

ఇండోనేషియాలోని జావా ద్వీపంలో ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం కూడా నడుస్తుంది. లెగి, పాహింగ్, పొన్, వగే, క్లివోన్. ఒకప్పుడు ఏ ఊళ్ళో సంత ఏ రోజన్నది ఈ ఐదింటిని బట్టే ఉండేది. అందుకే దీని పేరు ‘పసరన్’. పసర్ అంటే సంత. సోలో నగరంలో మేం దిగిన చోటికి కాస్త దూరంలో పసర్ లెగి అనే పెద్ద బజారు ఇప్పటికీ ఉంది. ఇప్పుడది రోజూ తెరిచే బజారే అయినా పేరు మాత్రం పోలేదు.

నాతో మా మావయ్య వచ్చాడు. పశ్చిమ గోదావరిలో ఆచంట దగ్గర వరి పండిస్తాడు. దేవాలయాలూ, అగ్నిపర్వతాలూ తర్వాత చూద్దాం, ముందు చేలు చూపించమన్నాడు. నేను వచ్చిందీ వాటి కోసమే. జావా రైతులు చేనుని, పైరుని, నీళ్ళని, కోతని ఏ మాటలతో పిలుస్తారో, ఆ మాటల్లో ఎవరికి ఎంత చోటుందో వినాలని వచ్చాను. యోగ్యకర్తాలో వ్యవసాయం చదువుకున్న ఒక కుర్రాడు మాకు తోడున్నాడు. అతని జావానీస్ నాకు ఇంగ్లీషులో అందేది, నేను మావయ్యకి తెలుగులో చెప్పేదాన్ని.

సోలో అసలు పేరు సురకర్త. ఇక్కడి రాజు ఏడో పకుబువన 1855లో రైతుల కాలపట్టికను ఒక పద్ధతిలో పెట్టించి అమల్లోకి తెచ్చాడు. దాని పేరు ‘ప్రనాత మాంగ్స’. పలికేటప్పుడు ‘ప్రొనోతో మొంగ్సో’ అంటారు. దాని అవసరం ఎందుకొచ్చిందో చూడండి. 1633లో సుల్తాన్ అగుంగ్ జావా పంచాంగాన్ని చంద్రుడి నడకకు మార్చాడు. ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరిగే నెలలతో వానని లెక్కపెట్టడం కుదరదు. రైతుకి సూర్యుడి లెక్క కావాలి. మన దగ్గరా అంతేగా, పండుగలు చాలావరకు చంద్రమానం తిథుల మీద, సేద్యం మాత్రం రోహిణి, మృగశిర, ఆరుద్ర కార్తెల మీద.

ఈ పట్టికలో ఏడాది జూన్ 22న మొదలవుతుంది. పన్నెండు మాంగ్సలు, అంటే రుతువులు, ఉన్నా అన్నీ ఒక్క నిడివి కావు. మొదటిది 41 రోజులు, రెండోది 23, మూడోది 24. అలా పెరుగుతూ పోయి నడిమధ్య రెండూ 43 రోజులేసి ఉంటాయి, మళ్ళీ అదే వరసలో తగ్గుతూ చివరిది 41కి వస్తుంది. మొదటి పదింటికీ అంకెలే పేర్లు: కస, కరో, కతెలు, కపత్, ఇలా పదోది కసదస వరకు. పదకొండోది ‘ధెస్త’, పన్నెండోది ‘సద’. జ్యేష్ఠం, ఆషాఢం! కుర్రాడు ఆ రెండు పేర్లు చెప్పగానే మావయ్య నడుస్తున్నవాడల్లా ఆగి, మళ్ళీ చెప్పించుకున్నాడు. ధెస్త ఏప్రిల్ 19న మొదలవుతుంది, అంటే మేం సోలోలో దిగిన రోజునే.

ప్రతి మాంగ్సకీ ఒక పోలిక వాక్యం ఉంటుంది. ఆగస్టులో వచ్చే కరోకి ‘బంతాల రెంగ్క’, అంటే నేల నెర్రెలిచ్చింది అని. అక్టోబరు నడుమ మొదలయ్యే కలిమకి లోకమంతా చిమ్మిన బంగారు ధార, అంటే తొలి వానలు. ఏడోదైన కపితుకి గాలిలో కొట్టుకొచ్చే విషం, అది వాన ముదిరి రోగాలు వచ్చే కాలం. ధెస్తకి సానపట్టిన రత్నం, అంటే పక్షులు పిల్లల్ని అంత అపురూపంగా సాకుతున్నాయని అర్థం. ఇవి వట్టి కవిత్వమేమీ కాదు. చదువు రాని రైతుకి కూడా తారీఖు చెప్పే గుర్తులు ఇవి. నేల పగిలిందా, చింత చిగిర్చిందా, పురుగు కూసిందా అని చూసుకుంటే చాలు, ఎక్కడున్నాడో తెలిసిపోతుంది.

ఏప్రిల్ 20, శనివారం, పాహింగ్

క్లాతెన్ జిల్లాలో దెలంగు. బియ్యానికి పేరున్న ఊరు. ఇక్కడి ‘రోజోలేలే’ రకం మంచి వాసనతో ఉంటుంది గానీ ఎత్తుగా పెరిగి పడిపోతుంది, పంట చేతికి రావడానికి దాదాపు ఐదు నెలలు పడుతుంది. దానికి రేడియేషన్ పెట్టి, పొట్టిగా, త్వరగా కోతకొచ్చేలా చేసిన కొత్త రకం ‘స్రినుక్’. పేరు ముందు శ్రీ ఉంది చూశారా, ఆ సంగతి రేపటి రోజులో వస్తుంది.

కాలవ నీళ్ళుండే చోటు కాబట్టి ఒకే చూపులో అన్ని దశలూ కనిపించాయి. ఒక మడిలో దమ్ము, పక్కదానిలో ఊడ్పు, ఇంకోదానిలో కోత. ‘లుకు’ నాగలి, ‘గరు’ పళ్ళమాను. రెండూ ఇప్పుడు పాకల్లోనే, మడిలో పవర్ టిల్లర్లు. ఆకు తీయడం ‘న్దావుత్’. ఊడ్చడం ‘తందుర్’. ‘నత కరో ముందుర్’, అంటే సర్దుకుంటూ వెనక్కి జరగడం, అందులోంచే ఆ మాట వచ్చిందని వాళ్ళు చెప్పుకుంటారు. భాషాశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ, మోకాలి లోతు బురదలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఒకే వరసలో వెనక్కి నడుస్తూ ఊడుస్తుంటే ఆ అర్థం చెప్పకుండానే తెలిసింది. ఊడుస్తున్నవాళ్ళకి ఎదరున్నది కనపడదు, పూర్తయిన పని మాత్రమే కనపడుతుంది.

గట్టు మీద కూర్చున్న ముసలి రైతుని మా కుర్రాడు ‘ంబాహ్’ అని పిలిచాడు. తాతకీ అదే, మామ్మకీ అదే. ఆయన వరి గురించి మాట్లాడిన తీరు రాసుకోవాల్సిందే. చేలో ఉన్నది ‘పరి’. నూర్చాక ‘గబాహ్’. పొట్టు తీస్తే ‘బెరస్’. వండితే ‘సెగ’. నూక ‘మెనిర్’. కంచంలో మిగిలిన ఒక్క మెతుకు ‘ఉప’. అడుగంటి గట్టిపడింది ‘ఇంతిప్’. మిగిలిన అన్నం ఎండబెడితే ‘కరక్’. మనకీ వరి, వడ్లు, బియ్యం, అన్నం, నూకలు, మెతుకు, మాడు ఉన్నాయి కాబట్టి మావయ్యకి ఏదీ కొత్తగా అనిపించలేదు. ఆయన ఒక్కో మాటకీ మనది చెబుతూ పోయాడు, ంబాహ్ తల ఊపుతూ విన్నాడు.

కొత్తగా అనిపించింది ఇంకోటి. ఇవే మాటలు పెద్దవాళ్ళ ముందు మారిపోతాయి. చనువున్నవాళ్ళ దగ్గర వరి ‘పరి’, గౌరవించాల్సినవాళ్ళ దగ్గర ‘పంతున్’. పొలం ‘సవాహ్’ కాస్తా ‘సబిన్’ అవుతుంది. అన్నం ‘సెకుల్’, వాన ‘జవాహ్’. గేదె ‘కెబో’, మర్యాదగా అయితే ‘మయెస’. అది మన మహిషమే. చిన్నవాణ్ణి అన్నం తిన్నావా అని, పెద్దాయన్ని భోంచేశారా అని మనమూ అడుగుతాం. కానీ పొలానికీ, వానకీ, గేదెకీ కూడా మర్యాద మాట వేరేగా ఉండటం వీళ్ళ దగ్గరే చూశాను. మా కుర్రాడు ముసలాయనతో మాట్లాడినంతసేపూ చేను ‘సబిన్’గానే ఉంది. ఆయన జవాబిచ్చినప్పుడల్లా అది మళ్ళీ ‘సవాహ్’ అయింది.

పొట్ట దశలో ఉన్న మడి పక్కన నిలబడ్డాం. మావయ్య ఒక ఆకు తొడిమ వేళ్ళ మధ్య నొక్కి చూసి, “పొట్ట మీదుందమ్మా, ఇంకో వారంలో ఈనుతుంది” అన్నాడు. అదే సమయానికి ంబాహ్ అన్న మాట ‘మెతెంగ్’. కడుపుతో ఉంది అని. మెతెంగ్ అన్నా పొట్ట అన్నా చెప్పేది ఒక్కటే, చేను ఆడది, కననుంది. మనం ఈనింది అంటాం కదా. పిలకల్ని వాళ్ళు పిల్లలంటారు.

నీళ్ళు పంచే మనిషిని ‘ఉలు-ఉలు’ అంటారు. ఊరి ఉద్యోగుల్లో ఒకడు. ఎవరి మడికి ఎప్పుడు తూము తియ్యాలో, ఎంతసేపు ఉంచాలో చూస్తాడు. మన నీరుగంటి పనే. ఊరి ఉద్యోగులకి జీతం బదులు సాగుకి ఇచ్చే భూమి ‘బెంగ్కోక్’. మన మాన్యం లాంటిది. ఇవన్నీ విన్నాక మావయ్య ఊరుకోలేదు, ఐఆర్ 8 వరి రకం సంగతి తీశాడు. 1967లో మా పక్క ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఆ రకం వేసి, దిగుబడి చూపించి ‘మిస్టర్ ఐఆర్ 8’ అనిపించుకున్నారు. మావయ్యకి అప్పుడు చిన్న వయసు, ఆ చేను చూడ్డానికి వాళ్ళ నాన్నతో వెళ్ళాడట. 1966లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఆ రకానికి ఒక వైపు తైవాన్ పొట్టి వరి, ఇంకోవైపు ‘పెత’ అనే పొడుగు వరి. ఆ పెత ఈ జావాలో పుట్టిందే. ఇండోనేషియాలో ఐఆర్ 8కి పెట్టిన పేరే ‘పీబీ 8’, అంటే కొత్త పెత. ఇది చెప్పగానే ంబాహ్ మావయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పీబీ 8 ఆయనా వేశాడు. అన్నం గట్టిగా ఉండేదని ఇద్దరూ ఒకే మాట అన్నారు.

ఏప్రిల్ 21, ఆదివారం, పొన్

పొద్దున్నే కోత మొదలుపెట్టబోతున్న ఒక చేలో ‘వివితాన్’కి పిలిచారు. వివిత్ అంటే మొదలు. కోతకి ముందు చేసే పూజ ఇది.

రోజు ఎంచుకోవడానికి కూడా ఒక లెక్క ఉంది. వారానికీ, పసరన్‌కీ విడివిడిగా అంకెలుంటాయి. ఆదివారానికి 5, పొన్‌కి 7, కలిపితే 12. విత్తడానికైతే ఆ మొత్తాన్ని నాలుగు మాటల మీద తిప్పుతారు: ‘ఓయోత్, ఉవిత్, గొధొంగ్, వోహ్’. వేరు, కాండం, ఆకు, పండు. పన్నెండు లెక్కపెడితే వోహ్ దగ్గర ఆగుతుంది. గింజ పంటకి మంచిది. కర్రపెండలం వేసేవాళ్ళు వేరు మీద ఆగే రోజు చూసుకుంటారు, చెరకు వేసేవాళ్ళు కాండం మీద, పొగాకు వేసేవాళ్ళు ఆకు మీద. ఇంటాయన వేళ్ళ కణుపులు ముట్టుకుంటూ ఒక్క క్షణంలో చెప్పేశాడు. ఆ నాలుగు మాటల్లో మొక్కనంతా పెట్టేశారు, నాకు ఈ లెక్క ఎంత నచ్చిందో చెప్పలేను.

చేనుకి నీళ్ళు దిగే మూల దగ్గర చాప పరిచారు. కొబ్బరిపాలతో వండిన అన్నం, గుండ్రంగా ముడిచి వండిన కోడి, కొబ్బరికోరు కలిపిన ఆకుకూరలు, ఎండుచేపలు, గుడ్డు ముక్కలు, పూలు. వాటి పక్కనే ఒక దువ్వెన, చిన్న అద్దం. అవి దేవి శ్రీ కోసం. వరి ఆమె, లేదా ఆమె వరి. పల్లెల్లో ఎవరూ దేవి అనరు, ‘ంబోక్ శ్రీ’ అంటారు. ంబోక్ అంటే అమ్మ. చేస్తున్నవాళ్ళంతా ముస్లింలు. ఊరి పెద్ద జావానీస్‌లో ంబోక్ శ్రీని పిలిచి, అరబ్బీ ప్రార్థనతో ముగించాడు. రెండింటి మధ్యా ఏ అడ్డమూ ఎవరికీ కనిపించినట్టు లేదు.

తర్వాత ఇంటి పెద్దావిడ ‘అని-అని’ తీసింది. అరచేతిలో పట్టేంత చెక్కముక్క, దాని అంచున సన్నటి బ్లేడు, అడ్డంగా వెదురు పుల్ల. పుల్ల పిడికిట్లో ఉంటుంది, బ్లేడు వేళ్ళ మధ్య దాక్కుంటుంది. కంకిని వేళ్ళతో దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే తెంపుతారు. బ్లేడు కనిపిస్తే ంబోక్ శ్రీ బెదురుతుందని, అందుకే దాస్తారని చెప్పింది. కొన్ని కంకులు కోసి రెండు కట్టలు కట్టి, పూలు చుట్టారు. అవి పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. వాటిని ఇంటికి తీసుకెళ్తారు. పాత జావా ఇళ్ళలో నడిమి గది, ‘సెంథోంగ్ తెంగాహ్’, ఆమెదే. మన ఇళ్ళలో వసారా దూలానికి కొత్త వరి కుచ్చులు కట్టేవాళ్ళు కదా, మావయ్యకి అదే గుర్తొచ్చింది.

పూజ అయ్యాక అన్నం ఆకుల్లో పెట్టి అందరికీ పంచారు. గట్ల మీద ఎదురుచూస్తున్న పిల్లలకి మొదట. ఒక పిల్ల మెతుకులు కింద పోస్తుంటే వాళ్ళమ్మ కోప్పడింది. ఉప పారేస్తే ంబోక్ శ్రీ ఏడుస్తుందని.

నేను ఆ పెద్దావిడ పక్కనే కూర్చుని అని-అని గురించి ఇంకా అడిగాను. ఆవిడ చిన్నప్పుడు కోతంటే ఊరి ఆడవాళ్ళంతా వచ్చేవాళ్ళు. ఎవరు రావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కోయడానికి వచ్చి పంటలో వంతు తీసుకోవడాన్ని ‘దెరెప్’ అంటారు, ఆ వంతుని ‘బవోన్’. దగ్గరి బంధువుకి ఎక్కువ, ఇరుగుపొరుగుకి కాస్త తక్కువ, పై ఊరివాళ్ళకి ఇంకా తక్కువ. కొలిచేది ఇంటి ఆడమనిషి. అంటే భూమి లేనివాళ్ళ ఇంట్లో కూడా కోత తర్వాత గింజ ఉండేది, అది అడుక్కున్నది కాదు, హక్కు.

డెబ్బైల్లో పొట్టి రకాలు వచ్చాయి. వాటి కంకులన్నీ ఒకేసారి పండుతాయి, గింజ తేలిగ్గా రాలుతుంది, ఒక్కొక్క కంకీ తెంపే పని లేదు. కొడవలి వచ్చింది. కొడవలితో కొద్దిమంది చాలు, అందులోనూ మగవాళ్ళు. తర్వాత ‘తెబసాన్’ వచ్చింది. చేను నిలబడి ఉండగానే వ్యాపారి మొత్తం కొనేస్తాడు, తన కూలీలని తెచ్చుకుని కోయిస్తాడు. బవోన్ అడగడానికి వచ్చిన పొరుగింటామెకి కాదనలేక ఇబ్బంది పడే రైతుకి ఇది సులువైంది. అమ్మేశాను, నా చేతిలో లేదు అంటే సరిపోయింది. ఆవిడ ఇదంతా తప్పుపడుతూ చెప్పలేదు. ఎవరి అవసరం వాళ్ళదంది. ఇవాళ మాత్రం అని-అనితో కోసింది ఆ రెండు కట్టలకే, మిగిలిన చేనుకి మధ్యాహ్నం కొడవళ్ళు దిగాయి.

పనిముట్టు పోతే దాని పేరు పోతుందని అందరికీ తెలుసు. కానీ అని-అనితో పాటు దెరెప్ పలచబడింది, దెరెప్‌తో బవోన్, బవోన్‌తో పొరుగింటామెకి చేను మీదున్న వంతు. జావా గురించి నేను అందరికీ చెప్పాలనుకున్నది ఇదే. పల్లె మాటల్ని అందమైనవని ఏరుకుని దాచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాటి వెనక ఎవరి కంచం ఉందో కూడా కలిపి రాయాలి.

ఏప్రిల్ 22, సోమవారం, వగే

గునుంగ్ కిదుల్. యోగ్యకర్తాకి ఆగ్నేయాన సున్నపురాయి కొండలు. వాన పడితే నీరు రాతి లోపలికి దిగిపోతుంది, నదులు భూమి కింద పారతాయి. ఇక్కడ సవాహ్ తక్కువ, ‘తెగల్’ ఎక్కువ. తెగల్ అంటే మెట్ట.

వరి కోత ఇక్కడ ముందే అయిపోయింది, మేం చూసింది వేరుశనగా కర్రపెండలమూ. వానకి ముందే పొడి నేలలో విత్తనం పెట్టడాన్ని ‘ంగవు-అవు’ అంటారు. అవు అంటే బూడిద. బూడిద లాంటి దుమ్ములో గింజ వేసి ఆకాశం వైపు చూస్తారు. పాత గింజ అయిపోయి కొత్తది రాని నెలలకి ‘పచెక్లిక్’ అని పేరు. ఆ నెలల్లో ఆదుకున్నది పెండలమే. చెక్కు తీసి ఎండబెడితే ‘గప్లెక్’, దాన్ని దంచి ఆవిరి మీద ఉడికిస్తే ‘తివుల్’. ఒకప్పుడు పేదల తిండి అని చిన్నచూపు చూసినదాన్ని ఇప్పుడు దారి పక్క దుకాణాల్లో బెల్లం, కొబ్బరి కలిపి అమ్ముతున్నారు. కొన్నాం, బాగుంది. పక్కన వేయించిన మిడతలు కూడా అమ్ముతున్నారు. మావయ్య వద్దన్నాడు, నేను రెండు తిన్నాను.

సాయంత్రం పడమట ఒరాయన్ నక్షత్రాలు దిగిపోతుంటే కుర్రాడు చూపించాడు. జావాలో అది ‘లింతాంగ్ వలుకు’, నాగలి చుక్క. మన మృగశిర, ఆరుద్ర రెండూ అందులోనివే. మనకి జూన్‌లో సూర్యుడు అక్కడికి చేరాక మృగశిర కార్తె వస్తుంది, అప్పుడు ఆ చుక్కలు ఎండలో కనపడవు. వీళ్ళకి డిసెంబరు సాయంత్రాల్లో అవే తూర్పున పైకొస్తాయి, అది వాళ్ళ వానల కాలం. ఒకే చుక్కల గుంపుని మనం కనపడనప్పుడు, వాళ్ళు కనపడినప్పుడు చూసుకుని దుక్కికి దిగుతున్నాం.

ఏప్రిల్ 23, మంగళవారం, క్లివోన్

మంగళవారం క్లివోన్‌తో కలిసిన రోజుకి ‘అంగ్గర కసిహ్’ అని ప్రత్యేకంగా పేరుంది. అంగారకుడి రోజు. మనకేమో చైత్ర పౌర్ణమి.

స్లెమన్ జిల్లాలో సెలొకన్ మతరం కాలవ గట్టున నడిచాం. పడమట ప్రొగొ నది నుంచి తూర్పున ఒపక్ దాకా దాదాపు 31 కిలోమీటర్లు. 1940ల మొదట్లో, జపాన్ వాళ్ళ పాలనలో, సుల్తాన్ తొమ్మిదో హమెంగ్కుబువన తన జనాన్ని వెట్టిచాకిరీకి బయటికి తరలించకుండా ఇక్కడే ఈ కాలవ పనిలో పెట్టించాడని చెబుతారు. ఉత్తరాన మెరపి కొండ. 2010లో పేలి చాలామందిని పొట్టన పెట్టుకుంది. చేల మట్టి నల్లగా, మెత్తగా ఉందంటే ఆ కొండ బూడిద వల్లే.

ఒక ఊళ్ళో రోట్లో దంచే ఆడవాళ్ళ బృందాన్ని చూశాం. పొడవాటి పడవ ఆకారపు చెక్క రోలు ‘లెసుంగ్’, రోకలి ‘అలు’. దంపుడు లయనే వాయిద్యంగా మార్చుకున్నది ‘గెజొగ్ లెసుంగ్’. చంద్రుణ్ణి రాహువు మింగుతున్నాడని గ్రహణం నాడు కూడా లెసుంగ్ మోగించేవాళ్ళట. గ్రహణం వేళ మన ఇళ్ళలో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టేవాళ్ళు కదా. మిల్లులు వచ్చాక దంచే పని పోయింది, పని లేకపోయినా లయ మాత్రం మిగిలింది. ఆరుగురు ఆరు రకాల దెబ్బలు వేస్తుంటే ఏ దెబ్బ ఎవరిదో విడదీయలేకపోయాను.

మధ్యాహ్నం ఒక కోసిన చేలో ముగ్గురు ఆడవాళ్ళు గోనెసంచీలతో వంగి తిరుగుతున్నారు. నూర్చిన గడ్డి దులిపి, రాలిన గింజ ఊడ్చి, తేలిన తాలు ఎగరేస్తున్నారు. ‘ంగసక్’, మనం పరిగె ఏరడం అంటాం. ఆ చేను తెబసాన్‌కి అమ్మింది. వ్యాపారి మనిషి అక్కడే ఉన్నాడు, వాళ్ళని వద్దనలేదు. ఎందుకని అడిగితే, కింద పడింది ఎవరు ఏరుకుంటే వాళ్ళదని, అది ఎప్పటి నుంచో ఉన్నదేనని చెప్పాడు.

మావయ్య అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. వాళ్ళ ఊళ్ళో యంత్రం కోతలు వచ్చాక పరిగెకి ఎవరూ రావడం లేదని, ఆ మాట విని ఎన్నేళ్ళయిందో అని, కళ్ళంలో చాకలికీ మంగలికీ కమ్మరికీ కొలిచే మేర కూడా వాళ్ళ నాన్నతోనే ఆగిపోయిందని చెప్పుకొచ్చాడు. కుర్రాడు మేర అంటే ఏమిటని అడిగాడు. బవోన్ అని చెప్పాను, కాకపోతే అది కోతకి, ఇది ఏడాది పొడుగునా చేసిన పనికి అన్నాను. అతను నోట్‌బుక్ తీసి పరిగె, మేర, కళ్ళం, పన, కుప్ప అని జావా అక్షరాల్లో రాసుకుని, ఒక్కోటీ ఎలా పలకాలో మావయ్య చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఈలోగా ఆ ఆడవాళ్ళలో పెద్దావిడ చేటతో ఎగరేసిన గింజల్ని సంచీలో పోసి, మూతి బిగించి కట్టి, పక్క మడిలోకి దాటింది.